తెల్లవాళ్ల పండగలకి మా పిన్నే పెద్దదిక్కు

మనవాళ్లు ఏ దేశంలో ఉన్నా, ఊరికొకరు ఇలాంటివాళ్లు తగులుతారు. అక్కడి ఆచారాల్ని అక్కడివాళ్లు మానేసినా వీళ్లు మానరు, ఇంకొకర్ని మాననివ్వరు. ఇంగ్లండులో మా వంతుకి మా పిన్ని వచ్చింది. పెళ్లికి ముందు తెనాలిలో సోషల్ టీచరు. డాక్టరుగారైన బాబాయి వెంట ఇక్కడికొచ్చాక ఉద్యోగం పోయింది గానీ ఆవిడలోని టీచరు పోలేదు. శనివారం పొద్దున్నే ఊరి లైబ్రరీలో, కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకి ఉచితంగా ఇంగ్లీషు చెబుతుంది.

ఇంగ్లీషని పేరే గానీ చెప్పేది బ్రిటిష్ పండగలు. ఇంగ్లీషు ముక్కలు మధ్యలో ఎక్కడన్నా దొరికితే ఏరుకోవాలి. "బస్టాపులో పక్కావిడతో మాట కలపాలంటే వాన సంగతి అయ్యాక ఇంకేం మాట్లాడతారు? పండగ గురించేగా!" అంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. మనవణ్ణి చూసుకోవడానికి గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి కావలసింది మాత్రం వేరు. పొద్దున ఎనిమిది కొట్టగానే డాక్టరుగారి క్లినిక్కుకి ఫోన్ చేసి, రిసెప్షనిస్టు అడిగేవాటన్నిటికీ జవాబు చెప్పి, అపాయింట్‌మెంట్ దక్కించుకునే ఇంగ్లీషు కావాలి. పిన్ని ఆవిడకి నేర్పింది గన్‌పౌడర్ ప్లాటు. 1605 నవంబరు 5న లార్డుల సభ కింద మందుగుండు పీపాలతో పట్టుబడినవాడు గై ఫాక్స్ గానీ, కుట్రకి నాయకుడు రాబర్ట్ కేట్స్‌బీ. నాయకుణ్ణి వదిలేసి కాపలా ఉన్నవాడి బొమ్మని ఏటేటా తగలబెట్టడం పిన్నికి మింగుడుపడని అన్యాయం. ఇప్పుడా పెద్దావిడకి మోకాలి నొప్పి అని చెప్పడం రాదు గానీ, కేట్స్‌బీ మీద పిన్నికున్న కోపమంతా ఇంగ్లీషులో వెళ్లగక్కగలదు.

ఆ పాఠంలో అందరికీ బుర్రకెక్కింది ఒక్కటే. ఇక్కడ టపాకాయలు మామూలు రోజుల్లో రాత్రి పదకొండు దాటితే కాల్చకూడదు. గై ఫాక్స్ రాత్రి మటుకు పన్నెండు దాకా, దీపావళికి ఒంటిగంట దాకా వదిలేస్తారు. "అంటే వాళ్ల పండగకన్నా మనకే గంట ఎక్కువా టీచరుగారూ?" అని అడిగి మరీ రాసుకున్నారు.

ప్యాన్‌కేక్ మంగళవారం పాఠం పిన్నికే ఎదురు తిరిగింది. ఓల్నీ అనే ఊళ్లో 1445లో ఒకావిడ చర్చి గంట విని పెనంతో సహా పరుగెత్తిందట. దాన్ని తలుచుకుంటూ అక్కడి ఆడవాళ్లు ఇప్పటికీ పెనాలు పట్టుకుని 415 గజాలు పరుగెత్తుతారు. పిన్ని లైబ్రరీ కార్‌పార్కులో ఆ పందెం పెట్టింది. పిండి కాస్త పల్చగా, మడిచి నిమ్మకాయ, పంచదార చల్లితే ప్యాన్‌కేకు. మన ఆడవాళ్లకి అట్టు తిరగేయడం ఒకళ్లు నేర్పాలా? అట్లకాడ లేకుండా గాల్లోకి ఎగరేసి పట్టుకుంటుంటే లైబ్రరీ ఉద్యోగులు బయటికొచ్చి చప్పట్లు కొట్టారు. పిన్నిది ఒక్కటే కింద పడింది. "ఇది కొత్త పెనం," అంది.

ఇక క్రిస్మస్. ఇక్కడో సంగతి చెప్పాలి. మా పిన్ని పరమ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. అయినా టర్కీ కోడిలో స్టఫింగ్ ఎలా కూరాలో ఆవిడ వివరిస్తుంటే మాంసాహారులు కూడా నోటుబుక్కు తీస్తారు. పుడ్డింగులోకి సంప్రదాయంగా పశువు కొవ్వు వేస్తారు. పిన్ని కూరగాయ నూనెతో చేసినది తెప్పించి వేస్తుంది. నవంబరు చివర్లో, క్రిస్మస్‌కి ముందొచ్చే ఆడ్వెంట్ రోజులకి ముందు ఆదివారం అది కలపాలి. ముగ్గురు జ్ఞానులు తూర్పు నుంచి వచ్చారు కాబట్టి గరిటె తూర్పు నుంచి పడమరకి తిప్పాలి, ఇంటిల్లిపాదీ తలో తిప్పూ తిప్పి ఒక కోరిక కోరుకోవాలి. వంటింట్లో తూర్పు ఎటో వాస్తు పుణ్యమా అని ఆవిడకి ముందే తెలుసు. తర్వాత ఇడ్లీపాత్రలో గంటలకొద్దీ ఆవిరి మీద ఉడుకుతుంది.

క్రిస్మస్ రోజున క్లాసంతా పిన్ని ఇంటికే. ఆ రోజు రైళ్లుండవు, బస్సులు దాదాపు ఉండవు, కాబట్టి అందర్నీ కార్లలో చేరవేసే పని మా మీద పడుతుంది. కిందటేడు అందరూ క్రాకర్లనే కాగితపు గొట్టాలు లాగి, అందులోంచి వచ్చిన కాగితపు కిరీటాలు పెట్టుకుని బారుగా కూర్చున్నారు. లండన్‌లో మిఠాయిలమ్ముకునే టామ్ స్మిత్ 1840ల్లో ఈ క్రాకర్లు ఎలా కనిపెట్టాడో పాఠం అయింది. లైట్లు ఆర్పారు. బాబాయి బ్రాందీ వేడిచేసి పుడ్డింగు మీద పోసి అగ్గిపుల్ల గీశాడు. నీలం మంట లేచింది.

గుంటూరు పెద్దావిడ లేచింది. కిరీటం సర్దుకుని ముందుకొచ్చి, రెండు చేతులూ మంట మీద తిప్పి కళ్లకద్దుకుంది. వెంటనే ఆవిడ వెనక ఇంకొకరు, వాళ్ల వెనక మరొకరు. ఏడాది పొడుగునా పిన్ని ఎంత మొత్తుకున్నా కట్టని క్యూ ఆ రోజు కట్టారు, చక్కగా, తోసుకోకుండా. బ్రాందీ మంట ఎంతసేపని ఉంటుంది? వెనకవాళ్లకి అందకుండానే ఆరిపోయింది. "మాకింకా కాలేదమ్మాయ్, మళ్లీ వెలిగించు," అన్నారొకరు. బాబాయి మారుమాట్లాడకుండా ఇంకో గరిటెడు పోశాడు. ఆఖర్న తనూ కళ్లకద్దుకుని పళ్లెంలో పౌండు బిళ్ల వేశాడు. పిన్ని ఆయన వైపు చూసిన చూపుకి మాత్రం ఏ సంప్రదాయంలోనూ పేరు లేదు.

పుడ్డింగులో దాచిన నాణెం ఎవరికి దొరికితే వాళ్లకి ఏడాదంతా అదృష్టం అంటారు. పూర్వం వెండి సిక్స్‌పెన్స్ వేసేవాళ్లు, పిన్ని ఐదు పెన్నీలది రేకులో చుట్టి వేసింది. అది ఒక పెద్దాయన కట్టుడుపళ్లకి తగిలింది. ఈ దేశంలో సర్కారు వైద్యం, అదే ఎన్‌హెచ్‌ఎస్, కింద పళ్ల డాక్టరు దొరకడంకన్నా పుడ్డింగులో నాణెం దొరకడమే తేలిక, కనుక ఆ అదృష్టం ఏమైందో ఊహించుకోవచ్చు. సరిగ్గా మూడింటికి టీవీలో రాజుగారి ప్రసంగం. 1932లో ఐదో జార్జి రేడియోలో చదివిన మొట్టమొదటి క్రిస్మస్ ప్రసంగాన్ని రాసింది కిప్లింగ్ అని పిన్ని చెప్పడం పూర్తయ్యేసరికి ఆ ఏటి ప్రసంగం అయిపోయింది.

మా మీద పెట్టే ఆంక్షలు వేరే. కార్డులు డిసెంబరు మొదటి వారంలోనే పోస్టు చెయ్యాలి. ఎవరింటికైనా ఫోన్ చెయ్యకుండా వెళ్లకూడదు. ఇన్ని చెప్పే మనిషి మా ఇంటికి మాత్రం తెనాలి పద్ధతిలోనే వస్తుంది: చెప్పాపెట్టకుండా, తిన్నగా ఫ్రిజ్ దగ్గరికి. "ఇదేంటి పిన్నీ?" అంటే "నేను పరాయిదాన్నా?" అంటుంది. నిష్ఠూరంగా మొహం పెట్టి, గోంగూర పచ్చడి మొత్తం డబ్బాలో సర్దుకుపోతుంది.

తమాషా ఏమిటంటే వాళ్ల పక్కింట్లో నిఖార్సైన ఇంగ్లీషు ముసలాయన ఉన్నాడు. ఏప్రిల్ 23న పిన్ని ఆయనకి సెయింట్ జార్జి పండగ శుభాకాంక్షలు చెబితే "అది ఇవాళా?" అన్నాడు. సరే, అసలు సిసలు ఇంగ్లీషు వినిపిద్దామని ఆయన్ని ఓ శనివారం క్లాసుకి పిలిచింది. బాక్సింగ్ డే అంటే ఏమిటని పిల్లల్ని అడిగినట్టు అందర్నీ అడిగింది. దుకాణాల్లో తగ్గింపు ధరల రోజని ఆయనే ముందు చెప్పాడు. నౌకర్లకీ వర్తకులకీ కానుకల పెట్టెలిచ్చే రోజని గుంటూరు పెద్దావిడ ఆయన్ని సరిదిద్దింది, అదీ ఇంగ్లీషులో. ముసలాయన తిరిగి వాదించాడు. ఆవిడా తగ్గలేదు. ఆ అరగంటలో ఆవిడ మాట్లాడినంత ఇంగ్లీషు అంతకుముందు ఎవరూ వినలేదు. ఆయన ఇప్పుడు ప్రతి శనివారం వస్తున్నాడు. ముందు వరసలో కూర్చుంటాడు.

పౌరసత్వానికి ఇక్కడ ఒక పరీక్ష ఉంది: 24 ప్రశ్నలు, 45 నిమిషాలు, 18 ఒప్పయితే గట్టెక్కినట్టు. పిన్ని దానికి తర్ఫీదిస్తున్నానని గర్వంగా చెబుతుంది. 65 ఏళ్లు నిండినవాళ్లకి ఆ పరీక్షే లేదని, తన క్లాసులో సగంమంది వాళ్లేనని ఎవరూ ఆవిడకి గుర్తుచెయ్యరు. నేనూ చెయ్యను.

మీవాళ్లెవరైనా ఇటు వస్తే నిక్షేపంగా చేర్పించండి, ఫీజు లేదు. ఇంగ్లండులో బ్యాంకు సెలవులు మామూలుగా ఎనిమిది అని ముందే చెప్పి పంపండి. స్కాట్లండులో ఎన్ని అని మాత్రం అడగొద్దని చెప్పండి. అక్కడ తొమ్మిది, ఉత్తర ఐర్లండులో పది; ఆ తేడా ఎందుకో పిన్ని చెప్పి ముగించేలోపు లైబ్రరీ మూసేస్తారు.