చవక తుపాకీ మీమాంస

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము భారతదేశమున వేటకు అడ్డుకట్ట వేసిన తరువాత పుట్టి, దుప్పిని హైదరాబాదు జంతుప్రదర్శనశాలలో కంచె కావలనుండి తప్ప ఎరుగక, ఒహాయో రాష్ట్రపు కొలంబసు నగర పరిసరములందు సాఫ్ట్‌వేరు కొలువున స్థిరపడి, ఏటికొక్క వారము, అదియు సెలవు దొరికినచో, వేటకు పోదమని సంకల్పించిన మన తెలుగు పెద్దమనిషి మొట్టమొదట చేయు పని యేమి? లైసెన్సు సంపాదించుట కాదు. తుపాకి పేల్చ నేర్చుట కాదు. దుప్పులు తిరుగు చోటెక్కడో విచారించుట అంతకన్న కాదు. తక్కువ ధరలో ఏ రైఫిలు కొనవలెనన్న మీమాంసకు కూర్చుండును. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఇట్టివారిని చూచియే పుట్టియుండవలెను. కాని ఆ సామెతలోని అమాయకుడు పేరొక్కటి పెట్టి ఊరకుండెను, మనవాడు సోమలింగమునకు దుర్భిణి కూడ కొనును.

నిజమునకు ఈ ప్రశ్నకు సమాధానము ఏనాడో లభించినది. నికొలాస్ బ్రూవర్ అను రూపశిల్పి, నేర్పరియైన పనివాడు ఓపికతో సరిచూడవలసిన తూటాగది కొలతను ఒక పెద్ద నట్టు బిగింపుతో సరిచేయు ఉపాయమును ప్రవేశపెట్టగా, 1958లో సావేజ్ కంపెనీవారి 110వ నమూనా వెలువడి, మంచి గురి శ్రీమంతుల సొత్తు కాదని చాటినది. ఆ దారినే నడచుచు సావేజ్ ఆక్సిస్, 2012లో రూగర్ అమెరికన్, 2015లో మాస్‌బర్గ్ పేట్రియట్ మొదలగునవి నాలుగైదు వందల డాలర్లకు అంగళ్లలో దొరకుచున్నవి. వాని మడమ ప్లాస్టిక్కు, బోల్టు గరగరలాడును, అందమందురా, అది అడుగవలదు. అయినను నూరు గజముల దూరమున వరుసగా పేల్చిన మూడు గుండ్లను అంగుళమున్నర వ్యాసములో కూర్చుట వానికి కష్టము కాదు. దుప్పి గుండెయు ఊపిరితిత్తులును ఉండు చోటు వెడల్పు సుమారు ఎనిమిది అంగుళములు. లెక్క ఇంతటితో సరి.

మీమాంసకునకు మాత్రము సరి కాదు. అర్ధాంగుళములో కూర్చని రైఫిలు రైఫిలే కాదని అతని సిద్ధాంతము. ఆ మిగిలిన అంగుళముచేత ఏ దుప్పి ప్రాణములు దక్కించుకొన్నదో అతడు చెప్పడు. అదిగాక, 1964లో వించెస్టర్ వారు తమ 70వ నమూనాను చవకగా తయారుచేయ మొదలిడినారని, అంతకు పూర్వపు రైఫిళ్లే రైఫిళ్లని, ఆనాటికి తాను పుట్టియైనను ఉండకపోయినను, నిట్టూర్పు విడుచును.

ఇక తూటాల విషయమున గల శాఖాభేదములు చెప్ప నలవి కాదు. 1906 నాటి థర్టీ-ఆట్-సిక్స్ వారిది వృద్ధసంప్రదాయము. 1925లో పుట్టిన టూ-సెవెంటీని జీవితాంతము కీర్తించిన జాక్ ఓ'కానర్ ఒక ఆచార్యుడు. గుండు లావుగా బరువుగా ఉన్నగాని వేట కాదన్న ఎల్మర్ కీత్ వేరొక ఆచార్యుడు. వారిరువురు గతించినను శిష్యకోటి వాదము మానలేదు. 2007లో అవతరించిన 6.5 క్రీడ్‌మూర్ భక్తుల ఉత్సాహము మరియొక ఎత్తు; దాదాపు అదే పనిని 1894 నాటి స్వీడను సైనికుల 6.5 తూటా చేయుచునే యున్నదని చెప్పినచో వారికి కోపము వచ్చును. ఏనుగు నుదుట ఏ నామము దిద్దవలెనని వడగల తెంగలల వారు వ్యాజ్యమాడినట్లున్నది ఈ వ్యవహారము. ఏనుగనగా జ్ఞాపకము వచ్చినది: డబ్ల్యు.డి.ఎం. బెల్ అను స్కాట్లండు వేటగాడు ఆఫ్రికాలో వేయికి మించిన ఏనుగులను కూల్చినాడు. అది పాపమో ప్రతాపమో చదువరులే నిర్ణయింతురుగాక. వానిలో అధికభాగమును కూల్చినది ఏడు మిల్లీమీటర్ల చిన్న తూటాతో. మనవాడు ఒక దుప్పికై త్రీ-హండ్రెడ్ మాగ్నమ్ ధర విచారించుచున్నాడు.

చవక యని మొదలిడినది చవకగా ముగియదు. రైఫిలు నాలుగు వందలకు వచ్చినది గనుక, ఆదా అయిన ధనముతో ఎనిమిది వందల స్కోపు. స్కోపునకు తగిన బిగింపులు. అవియన్నియు దాచుటకు పెట్టె. పావలా కోడికి ముప్పావలా మసాలా! ఇంతయు కొనిన మహానుభావుడు ఇరువది తూటాల డబ్బా ముప్పది నలుబది డాలర్లని విని అదరిపడి, ఒక్కటంటే ఒక్కటే కొని, అందులో సగము వచ్చే యేటికి దాచును. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టము ప్రకారము రైఫిళ్లపై, తూటాలపై తయారీదారు చెల్లించు నూటికి పదునొకండు పన్ను రాష్ట్రముల వన్యప్రాణి పోషణకు చేరుచున్నది కనుక, ఈ మీమాంసవలన నిక్కముగా లాభపడిన ప్రాణి దుప్పి యొక్కటే.

పేల్చకుండ నేర్చినవాని విద్య ఎట్టిదో తెలియుటకు పాత వేటగాండ్రు చేయు పరీక్ష ఒకటి కలదు. బల్లమీది ఇసుకసంచిపై రైఫిలు నానించి గురి చూచుచున్న వానికి తెలియకుండ, నిజమైన తూటాల నడుమ మందులేని ఉత్తి తూటా నొకదానిని జొప్పింతురు. మీట నొక్కగనే టిక్కుమను చప్పుడు తప్ప మరేమియు లేదు; కాని కండ్లు గట్టిగా మూతపడును, భుజము ముందునకు దూకును, గొట్టపు కొన బెత్తెడు క్రిందికి కుంగును. పేలని తుపాకికే ఇంత బెదరు! ఈ బెదరును ఏ అర్ధాంగుళపు రైఫిలును దిద్దజాలదు. వెరపు తీరువరకు పేల్చుట ఒక్కటే మందు. మనవాడు మద్దెల ఓటిదని నిశ్చయించి, అమ్మకమునకు పెట్టి, మరియొకదాని మీమాంసకు కూర్చుండును.

ఈ కథలో పరాకాష్ఠ ఇంకను ఉన్నది. ఒహాయోలో 2014 వరకు దుప్పిని రైఫిలుతో కొట్టరాదు. షాట్‌గన్ను, మందుకూరు తుపాకి మొదలగువానితో సరిపెట్టుకొనవలెను. ఆ యేటినుండి రైఫిలుకు అనుమతి వచ్చినను, మెడ సన్నగిల్లని నిలువుగోడల తూటాలకు మాత్రమే. 1873 నాటి ఫార్టీఫైవ్-సెవెంటీ పనికివచ్చును. 2019లో వచ్చిన త్రీ-ఫిఫ్టీ లెజెండ్ పనికివచ్చును. ఇంత తపస్సు చేసి సాధించిన 6.5 క్రీడ్‌మూర్ మాత్రము, మెడ సన్నని సుకుమారి గనుక, దుప్పివేటకు పనికిరాదు. కొయోటీలను కొట్టుకొనవచ్చును.

ఇట్టి తలక్రిందుల వరుసకు చట్టమే నయము. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాపై నున్నవారు తుపాకి కలిగియుండుట నేరమని నిర్ణయించిన 1998 నాటి ఫెడరల్ చట్టసవరణ, చెల్లుబాటులో నున్న వేట లైసెన్సు గలవారికి మినహాయింపు నొసగినది. అనగా ముందు లైసెన్సు, తరువాత తుపాకి. ఏ తర్కశాస్త్రమును చదువని శాసనకర్తలకు తోచిన ఈ క్రమము, ఐఐటీలో చదివిన మనవానికి తోచలేదు. తోచిన కొందరును తుపాకి కొఱకే లైసెన్సు తీసికొని, అడవి ముఖము చూడరు.

కావున, వేటకు నిజముగా పోదలచిన అయ్యలారా, ఒక మనవి. వేట శిక్షణ తరగతికి ముందు పోవుడు. నగరము వెలుపల మొక్కజొన్న పండించు రైతొకనితో స్నేహము చేయుడు. ఒహాయోలో పరుల భూమిపై వేటాడుటకు యజమాని లిఖితపూర్వకానుమతి వలయును, ఆ సంతకము ఏ అంగడిలోను దొరకదు. పిదప చట్టమొప్పిన తూటా పేల్చు చవక రైఫిళ్లలో అంగడివాని చేతికి ముందందినది కొని, మిగిలిన డాలర్లన్నియు తూటాలకు పెట్టి పేల్చుడు. తుపాకి వేట థాంక్స్‌గివింగు మరుసటి సోమవారమున మొదలై ఆ ఆదివారముతో ముగియును. డిసెంబరులో మరి రెండు దినములు అదనము.