చద్దన్నానికి రికార్డు

కొత్త సర్వరొచ్చింది. మీటింగు పెట్టారు. తెర మీద రెండు పట్టీలు. పాత మెషీన్‌ది తాడిచెట్టంత, కొత్తదానిది బెత్తెడు. "కెర్నల్ బిల్డ్ నిమిషాల్లో అయిపోయింది!" చప్పట్లే చప్పట్లు.

వెనక వరుసలోంచి ఓ కుర్రాడు లేచాడు. "సార్, సీక్యాష్ ఆపి కొలిచారా?"

"మేక్ క్లీన్ కొట్టాం కదా బాబూ!"

కొట్టారు, కాదనం. అది ఊడ్చేది బిల్డ్ ఫోల్డర్నే. సీక్యాష్ సరుకు వేరేచోట భద్రంగా ఉంటుంది. ముందురోజు రిహార్సలంటూ రెండుసార్లు బిల్డ్ చేశారు మరి! సోర్సు, ఆప్షన్లు, కంపైలర్ వివరాలు కలిపి హ్యాష్ కట్టడం, అది సరిపోలితే కంపైలర్ జోలికే పోకుండా నిన్నటి ఆబ్జెక్ట్ ఫైలు చేతిలో పెట్టడం సీక్యాష్ పని. 2002లో ఆండ్రూ ట్రిడ్జెల్ రాసిన బంగారం లాంటి పనిముట్టు. రోజువారీ పనికి దణ్ణం పెట్టి వాడుకోండి. దాన్ని పెట్టుకుని మెషీన్ వేగం కొలుస్తారా? చద్దన్నం వడ్డించి "చూశారా మా పొయ్యి!" అంటారా?

కొందరికి తెలీదు, పాపం. ఫెడోరా లాంటి లినక్స్‌లలో దాని ప్యాకేజీ ఎక్కిస్తే చాలు, జీసీసీ కంపైలర్‌ని పిలిచినా పలికేది సీక్యాషే. తెలిసిన పెద్దమనుషుల మాటేమిటి? ఆపడానికి ఒక్క ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చాలు. ఎన్ని హిట్లో అడిగితే సీక్యాషే చెబుతుంది. ఆ ఒక్క లైను కొట్టడానికి చేతులు రావు. స్లైడుకు రంగులద్దడానికి మాత్రం పూటంతా తీరికే! సీక్యాష్ ఆపినా లినక్స్ పేజీ క్యాష్ ఉండనే ఉంది. పాతదానికి డిస్కు నుంచి మొదటి రన్, కొత్తదానికి ర్యామ్ నుంచి మూడో రన్. భలే పోటీ!

మహామహులేం తక్కువ తిన్నారు? ఇంటెల్ కంపైలర్‌తో తీసిన 2,600 పైచిలుకు ఫలితాల్ని, కంప్యూటర్లకు వేగ పరీక్షలు పెట్టే స్పెక్ సంస్థ 2024లో తప్పుబట్టింది. ఒక పరీక్ష కోడు, డేటా ముందే తెలిసినట్టు కంపైలర్ సర్దుకుందని తేల్చింది. అది క్యాష్ కాదు, ఒప్పుకుంటాం. చీటీ జేబులో ఉన్నా, జవాబు అరచేతిలో ఉన్నా ఇన్విజిలేటర్‌కి తేడా ఉంటుందా?

సాయంత్రం ఆ కుర్రాడు సీక్యాష్ ఆపి మళ్లీ బిల్డ్ కొట్టాడు. టీ తాగొచ్చాడు. ఇంకా డ్రైవర్ల దగ్గరే నడుస్తోంది. సర్వర్ల ఆర్డరు మాత్రం మధ్యాహ్నమే వెళ్లిపోయింది.