ముగింపు మీద తగువు

'రెడ్ రివర్' చూసినవాళ్లు నలుగురు ఒకచోట చేరితే తగువు ముగింపు దగ్గరే వస్తుంది. 1948లో హోవర్డ్ హాక్స్ తీసిన సినిమా అది. టెక్సాస్ నుంచి వేల పశువుల మందను ఉత్తరాదికి తోలుకెళ్లే కథ. రెండు గంటలపాటు ఒక్క మాటన్నా మాట్లాడకుండా చూసిన జనం చివరి ఐదు నిమిషాలకు రెండు జట్లుగా విడిపోతారు.

డల్లాస్ శివార్లలో ఉండే ఒక స్నేహితుడి ఇంట్లోనూ అదే జరిగింది. ఇండియా నుంచి వచ్చిన వాళ్ల నాన్నగారిని ఆ పగలు ఫోర్ట్ వర్త్ స్టాక్‌యార్డ్స్‌కి తీసుకెళ్లాం. ఒకప్పుడు ఆ ఊరి మీదుగానే మందలు కాన్సస్ దాకా నడిచాయి. ఆ గుర్తుగా ఇప్పటికీ రోజూ రెండు పూటలా లాంగ్‌హార్న్ పశువులను వీధిలో నడిపిస్తారు. పెద్దాయనది ఒంగోలు దగ్గర పల్లె. పొలం చూసుకుంటూనే ఊరి పరపతి సంఘంలో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. లాంగ్‌హార్న్‌లను చూసి పెదవి విరిచారు. "తిన్నదంతా కొమ్ములకే పోయినట్టుంది. మూపురమే లేదు" అన్నారు. మూపురం ఉన్న బ్రాహ్మన్ పశువులు కూడా ఈ దేశంలో ఉన్నాయనీ, ఆ జాతిని తయారు చేసినప్పుడు మన ఒంగోలు పశువులను కూడా వాడారనీ చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే మా ఊరివాళ్లు మీకంటే ముందే వచ్చారన్నమాట!"

మంద నడక కళ్లారా చూశాం కాబట్టి రాత్రి భోజనాలయ్యాక ఆ సినిమానే పెట్టుకున్నాం. చుట్టుపక్కల ఇళ్ల నుంచి కూడా కొందరు వచ్చారు. పెద్దాయనకు సులువుగా ఉంటుందని ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేశారు. వినడం కష్టమే గానీ చదవడంలో ఆయనకు ఇబ్బంది లేదు.

చూడనివాళ్ల కోసం కథ చెప్పాలి. 1851లో టామ్ డన్సన్ అనేవాడు బళ్ల బిడారును వదిలి దక్షిణంగా టెక్సాస్‌కి వస్తాడు. దారిలో మ్యాట్ అనే కుర్రాడు దొరుకుతాడు. నా అన్నవాళ్లంతా దాడిలో పోయారు, చేతిలో మిగిలింది ఒక్క ఆవు. డన్సన్ దగ్గర ఆబోతు ఉంది. ఆ ఆవు, ఈ ఆబోతు కలిసే మంద మొదలవుతుంది. నేల మాత్రం ఊరికే రాదు. అది డాన్ డియెగోదని చెప్పడానికి వచ్చిన మనిషిని డన్సన్ తుపాకితో కాల్చి, ఇక ఇది నాది అంటాడు. పశువులకు వేసే ముద్ర కూడా తన పేరుతోనే: నదికి గుర్తుగా రెండు వంకర గీతలు, పక్కన 'డి'. నా 'ఎమ్' ఏదీ అని కుర్రాడు అడిగితే, సంపాదించుకున్న రోజున వేస్తానంటాడు.

పద్నాలుగేళ్లు గడుస్తాయి. అంతర్యుద్ధం ముగిసింది. దక్షిణాదిలో డబ్బు లేదు, టెక్సాస్‌లో పశువును కొనే దిక్కు లేదు. రైలెక్కిస్తే ఉత్తరాదిన అదే పశువుకు ఎన్నో రెట్ల ధర. డన్సన్ మందను మిస్సోరీకి తోలమంటాడు. అక్కడ సరిహద్దులో దోపిడీ ముఠాలున్నాయి, కాన్సస్‌లో ఆబిలీన్ దాకా రైలు వచ్చిందట, అటు పోదామని మనుషులు బతిమాలినా వినడు. పారిపోయినవాళ్లను పట్టి తెప్పించి ఉరి తీయబోతాడు. అప్పుడు మ్యాట్ ఎదురు తిరుగుతాడు. తండ్రిలాంటి మనిషిని దారిలో వదిలేసి మందను ఆబిలీన్‌కి మళ్లిస్తాడు. నిన్ను వెతికి వచ్చి చంపుతానని డన్సన్ శపథం చేస్తాడు. (చరిత్రలో ఆబిలీన్ పశువుల సంతగా మారింది 1867లో, జోసెఫ్ మెకాయ్ అనే వ్యాపారి అక్కడ దొడ్లు కట్టించాకే. సినిమా ఆ పనిని రెండేళ్లు ముందుకు జరిపింది.)

చివరికి డన్సన్ వస్తాడు. పశువుల మధ్య నుంచి, వాటిని చీల్చుకుంటూ నడిచి వస్తాడు. ఆ నడక చూసినవాళ్లు మర్చిపోలేరు. మ్యాట్ తుపాకి తీయడు. ఇద్దరూ దుమ్ములో పడి కొట్టుకుంటారు. టెస్ అనే అమ్మాయి తుపాకి పేల్చి, మీరిద్దరూ ఒకరినొకరు ప్రేమించుకుంటున్నారని కాస్త బుర్ర ఉన్న వాళ్లెవరికైనా తెలుస్తుంది, ఇక ఆపండి అని తిడుతుంది. వాళ్లు ఆపేస్తారు. డన్సన్ నేల మీద వేలితో ముద్ర గీసి, పక్కన 'ఎమ్' చేరుస్తాడు. అయిపోయింది.

తెర మీద అక్షరాలు పడకముందే గదిలో గొడవ మొదలైంది.

"సగం సినిమా చంపుతా చంపుతా అని తిరిగినవాడు ఒక అమ్మాయి అరిస్తే చల్లారిపోతాడా? మోసం" అన్నాడొకాయన. "ఆ తుపాకి వీరుడు చెర్రీని అంత గొప్పగా పరిచయం చేసి చివర్లో ఏం చేయించారు?" అని ఇంకొకాయన. "టెస్ అన్నదాంట్లో తప్పేముంది? మొదటి నుంచీ మనకు కనిపిస్తున్నదేగా" అని ఆయన భార్య.

నా దగ్గరున్న సంగతులు నేనూ చెప్పాను. ఈ కథను ముందు 'సాటర్డే ఈవినింగ్ పోస్ట్'లో సీరియల్‌గా రాసిన బోర్డెన్ చేజ్, డన్సన్‌ను బతకనివ్వలేదు. అందులో చెర్రీ చేతిలో గాయపడిన డన్సన్‌ను మ్యాట్, టెస్ బండిలో వెనక్కి తీసుకొస్తారు. రెడ్ రివర్ దాటి టెక్సాస్ నేల మీద ప్రాణం వదులుతాడు. హాక్స్ దాన్ని మార్చడం చేజ్‌కి నచ్చలేదు. పైగా విడుదలకు ముందు హోవర్డ్ హ్యూస్ వచ్చి, ఆ చివరి ఎదురుబొదురు ఘట్టం తన సినిమా 'ది అవుట్‌లా'లోదని పేచీ పెట్టాడు. కొంత కోత పడింది.

అయినా నేను హాక్స్ పక్షమే. 1946లో షూటింగ్ నాటికి డన్సన్‌గా వేసిన జాన్ వేన్‌కి నలభై నిండలేదు. జుట్టు నెరిసిన ఆ మొండి మనిషి లోపల భయం పేరుకుపోతుంటే దాన్ని నడకలో, చూపులో చూపించాడు. ఎదురుగా మ్యాట్‌గా, తొలిసారి సినిమా కెమెరా ముందు నిలబడ్డ మాంట్‌గొమరీ క్లిఫ్ట్, గొంతు పెంచకుండా, ఆయన్ను కొడుకు చూసినట్టే చూస్తాడు. మందను లాక్కునే సీన్లో కూడా ఆ చూపు మారదు. అలా చూసినవాడి ఎదుట డన్సన్ చచ్చిపోతే కథ సరిపోతుందేమో గానీ ఆ చూపులకు న్యాయం జరగదు.

"అసలు మ్యాట్ లాక్కున్నాడు అనడమే తప్పు" అని మా స్నేహితుడు అందుకున్నాడు. అప్పటిదాకా ఊరుకున్నవాడు సోఫాలోంచి ముందుకు జరిగాడు. "కాపాడాడు. పెద్దాయన మాట వినుంటే మిస్సోరీ దారిలో మంద మొత్తం పోయేది. పద్నాలుగేళ్ల కష్టం గంగలో కలిసేది. పెద్దవాళ్లకు పట్టుదల ఉంటుంది, మార్కెట్ తెలియదు. తెలిసినవాడు చేతిలోకి తీసుకోవాలి. దానికి దొంగతనమని పేరు పెడితే ఎలా?"

ఎవరో అవునన్నారు. అతనికి ఇంకా ఊపు వచ్చింది.

"మా పొలమే చూడండి. నాన్న చేతిలో ఉంటే ఈ రోజుక్కూడా పొగాకు వేసి, వేలంలో ధర రాలేదని దిగులు పడుతూ ఉండేవాడు. జీపీఏ రాయించుకుని, రేటు బాగున్నప్పుడు నేను అమ్మబట్టి సరిపోయింది. లేకపోతే మనం కూర్చున్న ఈ ఇల్లు ఎక్కడిది?"

చాలామంది తల ఊపారు. కోడలు పెద్దాయనకు మజ్జిగ గ్లాసు అందించింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకున్నారు.

"అబ్బాయ్, ఒకసారి వెనక్కి తిప్పు."

"ఎక్కడికి నాన్నా?"

"ఆబిలీన్లో మంద అమ్ముతాడే, అక్కడికి."

"అర్థం కాలేదా? మెల్విల్ అని పెద్ద వ్యాపారి వస్తాడు, బేరం ఆడతారు, మంచి ధరకు మొత్తం కొనేస్తాడు. అంతే."

"తిప్పరా."

తిప్పాడు. మెల్విల్‌గా వేసిన హ్యారీ కేరీ తెర మీదికి వచ్చాడు. సినిమా విడుదలయ్యేనాటికి ఆయన లేడు. ఆ నిదానం, ఆ నమ్మకం కలిగించే గొంతు ఇంకెవరికీ రావు. బేరం ముగిసింది, కాగితాలు చేతులు మారాయి. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని కింద అక్షరాలను పెదాలు కదుపుతూ చదివారు.

"ఆపు."

బొమ్మ ఆగింది.

"నువ్వన్నదే నిజం అబ్బాయ్. ఆ కుర్రాడు దొంగ కాదు. చెక్కు వాళ్ల నాన్న పేరున తీసుకున్నాడు."