టైటానియపు తాయెత్తు

సముద్రమును కొనితెచ్చి ముందుగదిలో నిలుపుకొనవలెనన్న కోరిక హైదరాబాదు అపార్టుమెంట్లకు కొత్తది కావచ్చును గాని, లండను జంతుప్రదర్శనశాలవారు 1853లో మత్స్యశాలను తెరచి జనులను విభ్రాంతులను గావించిన నాటినుండి లోకమున ఉన్నదే. ఆనాటి తొట్టెలలో చేపలు ఊపిరాడక చచ్చెడివేమో గాని, యజమానులకు మాత్రము ప్రాణభయము లేకుండెను. ఏలయన అప్పటికి ఇండ్లలో విద్యుత్తు లేదు. నేటి గృహస్థుడు అట్టి పిరికివాడు కాడు. లీటరునకు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి, కుళాయి నీటికంటె సుమారు 100 రెట్లు విద్యుద్వాహకత్వము గల ద్రవమును సిద్ధపరచుకొని, అందులో చలికాలమునకొక హీటరును, అలలకు రెండు పంపులను, మలినమునకొక స్కిమ్మరును దించి, వాని తీగలన్నిటిని ఒక్క ఎక్స్‌టెన్షను బోర్డునకు తగిలించి, ఆ బోర్డును తొట్టె క్రింది అలమరలో, తీగల వెంబడి ఉప్పు ప్రాకి తెల్లని పొరకట్టు చోటనే పరుండబెట్టి, పైన నీలిదీపము వెలిగించి, చేతులు కట్టుకొని చూచి ఆనందించుచున్నాడు.

ఒకనాడు ఆయన డిజిటల్ మల్టీమీటరు కొనును. దాని యొక కొనను నీట ముంచి, రెండవ కొనను గోడ సాకెట్టులోని ఎర్తు రంధ్రమున గ్రుచ్చగా 40 వోల్టులని చూపును. ఇంకేమున్నది! సర్జన్ చేప తలపై గుంటలు పడుటకును, క్లౌన్ చేప మేత మానుటకును, కోరల్ విచ్చుకొనకుండుటకును కారణము ఒక్కసారిగా తేలిపోవును. నీటిలో నైట్రేటు ఎంతయున్నదో, వడపోతలోని బొగ్గు పొడి ఎంత కలియుచున్నదో, నీరు మార్చి ఎన్ని నెలలైనదో అడుగరాదు. గ్రహము పట్టినది, దాని పేరు స్ట్రే వోల్టేజి. గ్రహము పట్టినచోట తాయెత్తు తప్పదు గదా! దుకాణదారు అమ్ము తాయెత్తు టైటానియపు కడ్డీ. ఉప్పునీట తుప్పు పట్టదు. దానికొక పచ్చతీగ, ఆ తీగ చివర ఎర్తు రంధ్రమున దూరు ఒంటి ముల్లు. కడ్డీ నీట పడగనే మీటరు సున్న చూపును. సాయంకాలమునకు చేపలు చురుకుగా తిరుగుచున్నవని ఇంటిల్లిపాదియు సాక్ష్యము పలుకుదురు. మీటరు కొనకముందును అవి అట్లే తిరుగుచుండెనని చెప్పు సాహసము ఎవ్వరికిని ఉండదు.

ఆ 40 వోల్టుల జాతకమును కొంచెము విప్పి చూతము. పంపులోని తీగచుట్టకును నీటికిని నడుమ బంధకపు పొర ఎంత గట్టిదైనను, ఆ పొర కెపాసిటరు పని చేయుటచే నీటికి కొంత వోల్టేజి అంటుకొనును. మీటరు నిరోధము 10 మెగా ఓములుండుటచే అతిస్వల్ప ప్రవాహమునకే పెద్ద అంకె పలుకును. 40 వోల్టులకు ఆ మీటరులో పారునది 4 మైక్రో ఆంపియర్లు. మనుష్యుని చేయి జివ్వుమనుటకు దాదాపు 1 మిల్లీ ఆంపియరు, అనగా దానికి 250 రెట్లు కావలెను. నిజమైన లీకు ఉన్నప్పుడును మీటరు చూపునది అంకెనే; వచ్చినది దయ్యమో దొంగయో అది చెప్పలేదు. ఒక్కొక్క ప్లగ్గును పీకుచు చూచినచో దొంగ దొరకును గాని, అంత తీరిక ఎవరికున్నది? ఇక చేపల మాటయందురా, తొట్టె నీరంతయు ఒకే వోల్టేజిలో నున్నంతవరకు కరెంటు తీగపై వాలిన కాకికెంత బాధయో వానికిని అంతే. ప్రవాహమునకు లేని దారిని చూపినది మన కడ్డీయే.

దారి యనగా అవతలి చివర భూమి ఉండవలెను. ఎర్తు ముల్లు తక్కిన రెంటికంటె పొడవుగను లావుగను ఏల యున్నదని యోచింపక, రెండు రంధ్రముల బోర్డులో దూరుటలేదని దానిని విరుగగొట్టిన ఇండ్లెన్ని లేవు? గోడలో రంధ్రమే గాని దాని వెనుక తీగ లేని ఇండ్లెన్ని లేవు? అట్టి యింట కడ్డీ తీగ భూమికి పోదు, కడ్డీ ముల్లు దూర్చిన బోర్డునకే తగిలించిన ఫ్రిజ్జునకు పోవును; హీటరు గాజు పగిలిననాడు వరుణదేవుడు ఫ్రిజ్జు తలుపు పిడియందు ప్రత్యక్షమగును. "ఏమండీ, ఫ్రిజ్జు షాకు కొడుతోంది" అని ఇల్లాలు మొరపెట్టుకొనినచో, "చెప్పులేసుకుని ముట్టుకోవే" అని వెంటనే ఉపదేశము.

ఇంతకును మన గృహస్థుని యింట ఆర్‌సీసీబీ యను పెట్టె ఒకటి ఉండెను. వెళ్లిన కరెంటును తిరిగివచ్చిన కరెంటును సరిచూచుచు, నడుమ 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పినచో సెకనులో మూడవవంతు గడువకమున్నే సరఫరాను త్రెంచుట దాని యుద్యోగము. ఎంత ప్రవాహమువద్ద మనుష్యుడు పట్టుకొన్న తీగను వదలలేకపోవునో, స్వచ్ఛందముగా ముందుకువచ్చినవారిపై ప్రయోగించి కొలిచిన బర్క్‌లీ ఆచార్యుడు చార్లెస్ డాల్జియెల్, 1961 ప్రాంతమున ఇట్టి సాధనమునకు రూపకల్పన చేసెను. అమెరికావారిది సుమారు 5 మిల్లీ ఆంపియర్లకే తెగును. మన గృహస్థుని పెట్టె, తొట్టె వచ్చిన నెలలోనే పలుమార్లు తెగిపడుటచే టీవీ సీరియలునకు అంతరాయము కలిగి, ఎలక్ట్రీషియనునకు కబురు పోయెను. "ఊరికే పడిపోతోంది సార్, డైరెక్టు ఇచ్చేస్తా" నని అతడనెను, ఇచ్చెను. ఊరకే పడుటయా! హీటరు చిట్లినదని ఆ యింట గ్రహించినది అదొక్కటే. ఉద్యోగము సక్రమముగా నిర్వహించిన నేరమునకు దానిని తొలగించి, ఆ పిదప కడ్డీని కొనితెచ్చిరి. ఎంసీబీ ఉన్నది గదా యందురు. హీటరునుండి నీటిలోనికి, నీటినుండి కడ్డీలోనికి 1 ఆంపియరు రాత్రింబవళ్లు పారుచున్నను 16 ఆంపియర్లు దాటినగాని తెగని ఎంసీబీకి నిద్రాభంగము కాదు. మనుష్యుని గుండె లయ తప్పుటకు అందులో పదవవంతు చాలును.

కడ్డీ వ్యర్థమని నేననను. సరియైన ఎర్తును, పనిచేయు ఆర్‌సీసీబీయు ఉన్న యింట, హీటరు పగిలిన క్షణముననే లీకునకు దారి చూపి, మీరు చేయి ముంచకమున్నే పెట్టె తెగునట్లు చేయగలదు. కడ్డీ లేనియెడల ఆ దారి మీ చేయియే కావలసివచ్చును. ఈ సంగతినంతయు అట్టి గృహస్థుడొకనికి ఓపికగా విన్నవించితిని. ఆయన శ్రద్ధతో ఆలకించి, తల పంకించి, "అయితే ఆ ఆర్‌సీసీబీ కూడా మళ్ళీ పెట్టించేస్తానండీ. అదీ టైటానియంలోనే దొరుకుతుందా?" అని అడిగెను.