ఎదురింటి మామ్మగారి నాయనమ్మ

అమ్మా,

"వీసా మీద ఉన్నవాడివి, అక్కడి గవర్నమెంటు కాగితాలు తవ్వుతున్నావట, పట్టుకెళ్తే మాకెవరు చెబుతార్రా?" అని అడిగావు. ఎవరూ పట్టుకెళ్ళరు. అవి నూరేళ్ళు దాటిన కాగితాలు, ఎవరైనా చూడొచ్చు. నేను చూస్తున్నదీ ఎదురింటి మామ్మగారి కోసం. ఆవిడకి చిన్నక్షరాలు ఆనవు, నాకు ఆదివారం తోచదు.

వాళ్ళ నాయనమ్మ చోక్టా తెగ మనిషని ఇంట్లో చెప్పుకుంటారు. చెప్పుకుంటే చాలదు. ఇక్కడ ఓక్లహోమాలో చోక్టా నేషన్ సభ్యత్వం కావాలంటే, డాస్ రోల్స్‌లో 'బై బ్లడ్' జాబితాకెక్కిన మనిషికి నేరుగా వారసులమని తరం తరానికీ సర్టిఫికెట్ చూపించాలి. రక్తం ఇంత పాలు ఉండాలన్న నియమం మాత్రం లేదు.

ఇది నాన్నకి చదివి వినిపించు, రెవెన్యూలో చేసినవాడు గనక ముచ్చటపడతాడు. 1893లో వేసిన డాస్ కమిషన్ పని, చోక్టాలతో సహా అయిదు తెగల ఉమ్మడి భూమిని మనిషికింత అని పంచెయ్యడం. పంచాలంటే పేర్లు కావాలి కదా! ఆ పేర్ల జాబితాలే డాస్ రోల్స్. 1898లో రాయడం మొదలెట్టి 1907 మార్చిలో మూసేశారు. అర్జీలు రెండున్నర లక్షలు దాటితే, ఎక్కిన పేర్లు లక్ష చిల్లర. కుటుంబానికో కార్డు, దానికో నంబరు. మనిషికి రోల్ నంబరు వేరు. రెండూ కలిపేశామా, ఎవరి తాతగారో మన తాతగారైపోతారు. వయసు ఉంటుంది, పుట్టిన తేదీ ఉండదు. ఊరనుకుని సంబరపడితే అది పోస్టాఫీసు. 1830 ఒప్పందం తర్వాత మిసిసిప్పీలోనే ఉండిపోయిన వాళ్ళ సంతానానికి వేరే జాబితా, పెళ్ళితో తెగలో చేరిన తెల్లవాళ్ళకి ఇంకోటి. మన అడంగల్ నయం, నాన్నా!

చోక్టాల దగ్గర బానిసలుగా ఉన్న నల్లవాళ్ళకీ వాళ్ళ పిల్లలకీ 'ఫ్రీడ్‌మెన్' జాబితా. తండ్రి చోక్టా అయినా, తల్లి నల్లమనిషైతే మామూలుగా అందులోనే రాసేవారు. 'బై బ్లడ్' వాళ్ళకి సగటున 320 ఎకరాలు వస్తే వీళ్ళకి 40. మామ్మగారి నాయనమ్మ అక్కడే దొరికింది, చిన్నపిల్లగా. తల్లి పేరు పక్కన, ఆమె యజమాని ఎవరో రాయడానికి ఒక గడి ఉంది. ఖాళీగా లేదు.

ఈ జాబితాతో సభ్యత్వం రాదని చెప్పాను. ఆవిడకి ముందే తెలుసేమో, ఆశ్చర్యపోలేదు. అర్జీతో పాటు అధికారులు రాసుకున్న వాంగ్మూలాలు వేరే కట్టలో ఉంటాయి, అవి తెప్పించమంది. పిల్లని ఎక్కించడానికి వచ్చిన ఆ తల్లిని ఏమడిగారో, ఆమె ఏం చెప్పుకుందో చదవాలట. డబ్బు కట్టి రాశాం.

తక్కినవి: జుట్టు రాలడం లేదు. కుక్కరు రబ్బరు ఇక్కడా దొరుకుతుంది, పంపకు. కాకినాడ సంబంధం వాళ్ళకి అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ కనుక్కోవాలని పెద్దమ్మ అందట. ఆవిడనే కనుక్కోమను, నాకు ఒక్క నాయనమ్మకే ఎండాకాలం అయిపోయింది.

నీ,
చిన్నోడు