తగ్గితే వాళ్ల గొప్ప, ఆగితే మన తప్పు

తిరుపతిలో బరువు తగ్గించడం పాత వ్యాపారం. తగ్గడం ఆగిపోయినోళ్లకు ఓపిక నేర్పించడం కొత్త వ్యాపారం. పొద్దున అయిదింటికే గ్రూపులో కోచ్ గొంతు మోగుతుంది. "అన్నా, మిషన్ మీద నంబరు ఆగితే నువ్వు ఆగినట్టు కాదన్నా. మైండ్‌సెట్ మార్చుకో. ఓపిక పట్టు." వెనకాలే ఉదయించే సూర్యుడి బొమ్మ, దాని ముందర ఒక పులి. పులికీ మన పొట్టకూ చుట్టరికమేందో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చేతులు జోడించిన బొమ్మలు మాత్రం వరసగా పడిపోతా ఉంటాయి.

ఇప్పుడు ఇంకొంచెం ముందుకు పోయినారు. ఆగినోళ్లందరికీ రాత్రిపూట జూమ్‌లో ప్రత్యేక క్లాసంట. ఫీజు వేరే.

ఈ ఓపిక పాఠం చెప్పేది ఎవరు? "ఇరవై ఒక్క రోజుల్లో తేడా మీరే చూడండి" అని బస్టాండు ముందర కరపత్రాలు పంచినోళ్లే. అసలు ఓపిక ఉన్నోడు వాళ్ల గడప తొక్కడు గదా! వాడు ఇంట్లోనే ఒక ముద్ద సంగటి తగ్గించుకుని, సాయంత్రం యూనివర్సిటీ గ్రౌండులో తన మానాన తాను నడుచుకుంటా ఉంటాడు. తొందర ఉన్నోళ్లనే ఏరి ఏరి చేర్చుకుని, పొడి డబ్బా అంటగట్టి, మూడో నెలకల్లా వాళ్లకే శాంతి ప్రవచనం మొదలుపెడతారు.

మొదటి నెల సంబరం చూసి తీరాల. రోజూ పొద్దున క్లబ్బులో మిషన్ ఎక్కిస్తారు, దిగంగానే అందరూ లేచి చప్పట్లు. "ఆరు వందల గ్రాములు! ఇంకా గట్టిగా కొట్టండి!" మనవళ్లను ఎత్తుకున్న పెద్దమనిషి, బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి, ఆరు వందల గ్రాములకు పూలదండ వేయించుకుని ఫొటో దిగుతాడు. ఆ ఆరు వందల్లో కొవ్వెంత? కండల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ అని కొంత పిండిపదార్థం నిలవ ఉంటుంది. దాని ఒక్కో గ్రామూ దాదాపు మూడు గ్రాముల నీళ్లను పట్టుకుని కూర్చుంటుంది. అన్నం మానేసిన తొలి వారాల్లో ఆ నిలవ కరుగుతుంది, నీళ్లు బయటికి పోతాయి, మిషన్ ముల్లు గబగబా దిగుతుంది. అంటే దండలో సింహభాగం పడింది ఒంటేలుకు.

ఆ తర్వాత బోర్డు మీద లెక్క. 1958లో మ్యాక్స్ విష్నోఫ్‌స్కీ అనే అమెరికా డాక్టరు ఒక పౌను బరువుకు 3500 కేలరీలని కట్టిన లెక్క అది. మనవాళ్లు దాన్ని కేజీకి 7700 అని రాసి, రోజుకు ఇంత తిండి కోస్తే నెలకు ఇంత, ఏడాదికి ఇంత అని స్కేలు పెట్టి గీత గీస్తారు. ఆ గీత అట్లే పోతా ఉంటే నాలుగైదేళ్లకు మనిషే మాయమైపోవాల. ఒళ్లు తేలికయ్యే కొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది. తొంభై కేజీలు మోసిన కాళ్లకు ఎనభై మోసేటప్పుడు అంత పనెక్కడిది? దీనికి తోడు ఆకలి. కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 2016లో తేల్చినదేందంటే, తగ్గిన ప్రతి కేజీకీ ఒంటి ఖర్చు రోజుకు 20 నుంచి 30 కేలరీలు పడిపోతే, ఆకలి మాత్రం వంద కేలరీల దాకా పెరుగుతుందని. పది కేజీలు తగ్గినోడి కడుపులో ఎంత మంట రేగుతుంటుందో మీరే వేసుకోండి. అంత ఆకలిని నెలల తరబడి అదిమిపెట్టి, పాత బరువుకు పోకుండా ఉన్నచోట నిలబడి ఉన్నాడే, వాడికా ఓపిక పాఠం?

ఇంక అలిపిరి సంగతి.

గ్రూపు పెద్దలు కూర్చుని కనిపెట్టిన విరుగుడు ఇది. బరువు ఆగినోళ్లంతా ఆదివారం పొద్దున కొండెక్కాల. దానికి 'ప్లాటో బ్రేకర్' అని పేరు. 3550 మెట్లు. దేవుడి మెట్లను జిమ్ము చేసినందుకు నాకు కోపం లేదు, ఎవరి మొక్కు వాళ్లది. చూడ్డానికే కష్టంగా ఉంటుంది. ఒక పక్క వంగి వంగి ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటా పోయే ఆడబిడ్డలు. వాళ్ల మధ్యలోంచి ఒకే రంగు టీషర్టుల బ్యాచి "సైడమ్మా, సైడ్" అంటా దూసుకుపోతుంది. గోవిందా అని ఒకడు అరిస్తే పక్కోడు చేతి గడియారంలో గుండె వేగం చూసుకుంటాడు. గాలిగోపురం దగ్గర కోచ్ ఫోను ఎత్తి పట్టుకుని వీడియో మొదలుపెడతాడు. మోకాళ్ల పర్వతం దగ్గర నిజంగానే మోకాళ్ల మీద ఎక్కే ముసలామె పక్కన ఇద్దరు నిలబడి గుంజీలు తీస్తా ఉంటారు. గుంజీలకు వినాయకుడుండాల గదరా నాయనా, ఇక్కడ తీస్తే ఎవరి ఖాతాలో వేసుకోవాల?

పసితనంలో అన్నమయ్య ఈ కొండెక్కుతా ఆకలికి సొమ్మసిల్లితే అమ్మవారే వచ్చి ప్రసాదం పెట్టిందని గదా మన కథ. ఇప్పుడైతే కోచ్ అడ్డం పడుండును: "అమ్మా, ఫాస్టింగ్ విండో ఇంకా రెండు గంటలుంది."

కొండ లెక్క కూడా చూద్దాం. ఎనభై కేజీల మనిషి దాదాపు 700 మీటర్ల ఎత్తుకు తనను తాను మోసుకుపోవాల. మన ఒళ్లు ఇంధనంలో నాలుగో వంతునే పనిగా మార్చగలదు, మిగతాదంతా వేడి, చెమట. స్థూలంగా ఆ ఎత్తుకయ్యే ఖర్చు ఐదారు వందల కేలరీలు. పైన దర్శనమైనాక చేతిలోకి వచ్చేది యాభై రూపాయల లడ్డు, 175 గ్రాములు. నెయ్యి, చక్కెర, శనగపిండి, జీడిపప్పు. ఒక్క లడ్డుతో కొండ ఖర్చు కొండ మీదనే చేతికొచ్చేస్తుంది. లడ్డును నేను తప్పుపట్టను. 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పదార్థం అది. లడ్డు మీద అలిగేవాడు తిరుపతిలో కాపురం పెట్టకూడదు.

అసలు తమాషా సోమవారం. మిషనెక్కితే కేజీ ఎక్కువ! అలవాటు లేని మెట్లకు నలిగిన కండరాలు బాగుపడేదాకా నీళ్లు పట్టి ఉంచుకుంటాయి, నాలుగు రోజులాగితే అవే పోతాయి. ఈ సంగతి కోచ్‌కు తెలీదో, తెలిసీ చెప్పడో. ఆయన అడిగేది ఒకటే. "లడ్డు తిన్నావా అన్నా?" తిన్నాడు. తల దించుకున్నాడు. ఏడుకొండలవాడిని నడిచిపోయి చూసొచ్చినోడు తెల్లారేసరికి నేరస్థుడైపోయినాడు.

మనిషి ఎంత బరువుంటే అంతా ఒప్పుకునే తక్కెడ కొండ మీద ఒకటుంది, గుడిలో తులాభారం. ఒక తట్టలో బిడ్డ, ఇంకో తట్టలో బెల్లమో కలకండో చిల్లరనాణేలో. ఆ తట్ట సరిపోలేదంటే ఇంకో గుప్పెడు పోస్తారు, తల్లి మొహం వెలిగిపోతుంది. మన కోచ్‌ను అక్కడ నిలబెడితే ఏమంటాడో తెలుసా? "ముందు పాపను మన క్లబ్బులో చేర్చండమ్మా, బెల్లం ఖర్చు కలిసొస్తుంది."

కాణిపాకం వినాయకుడు ఏటికేడు పెరుగుతున్నాడని, పాత కవచం ఇప్పుడు పట్టడం లేదని చేతులెత్తి మొక్కే నేల ఇది. మన చొక్కా పట్టకపోతే మాత్రం కౌన్సెలింగ్.

మనకు గురువులు కొత్త కాదులెండి. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే మానమంటే మానినాం. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారు రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోమంటే, నూనె మానిన అదే నోట్లో కొబ్బరినూనె పోసుకున్నాం. ఖాదర్ వలీ గారు కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు అంటే, మన అవ్వల కాలంలో గాదెల్లో మూలిగిన గింజల్నే సూపర్ మార్కెట్లో ప్యాకెట్లుగా కొనుక్కున్నాం. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి రేడియోలో వంటనూనె పది శాతం తగ్గించమంటే, ఊరిబిండి మీద గరిటె ఎత్తి పట్టుకుని ఒక క్షణం ఆలోచించి, పోసుకున్నాం. ఎవరి పద్ధతిలోనైనా మొదట దిగుతుంది, తర్వాత ఆగుతుంది. దిగినప్పుడు గురువు గొప్ప. ఆగినప్పుడు శిష్యుడికి భక్తి చాల్లేదు.

నాకు మండేది ఇక్కడే.

నాకు తెలిసిన ఒక అక్క ఉంది, చిత్తూరు వైపు స్కూల్లో పని చేస్తుంది. తెల్లారుజామున లేచి అయిదుగురికి వండి, డబ్బాలు కట్టి, బస్సెక్కి పోయి, సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి ముందర నిలబడే మనిషి. ఎనభై ఆరు నుంచి డెబ్బై తొమ్మిదికి వచ్చింది. షుగరు సర్దుకుంది, మోకాళ్ల నొప్పి తగ్గింది, మెట్లెక్కితే ఆయాసం లేదు. డెబ్బై తొమ్మిది దగ్గర నిలిచిపోయింది. నిలిస్తే ఏమైంది? గ్రూపులో అందరి ముందరా అడిగినారు: "అక్కా, మీరు దాచిపెట్టి ఏదో తింటున్నారు. నిజం చెప్పండి." ఆమె ఆ రోజు నుంచి రాత్రి తిండి మానేసింది. దువ్వెన నిండా వెంట్రుకలు. ఒకనాడు బస్టాండులో కళ్లు తిరిగి కూలబడిపోయింది. ఇంటికి పోయి పలకరిస్తే ఆమె అన్న మాట: "నాలో పట్టుదల లేదు నాయనా."

పట్టుదల లేదంట ఆమెకు! ఇంటిల్లిపాదికీ వండి పెట్టి, తాను అరకడుపుతో పడుకుని, మళ్లీ తెల్లారుజామున లేచే మనిషికి పట్టుదల లేదని చెప్పే ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందిరా మీకు? ఆమె థైరాయిడ్ చూపించుకున్నదా అని ఒక్కడు అడిగినాడా? తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అందులో ఎండోక్రైనాలజీ అని ఒక విభాగమే ఉంది. ఆ పేరు మీ గ్రూపులో ఒక్కనాడైనా వినపడిందా? వినపడదు. అక్కడికి పోయినోళ్లు డబ్బా కొనరు.

ఆమె సాధించింది ఎంతో ఆమెకు చెప్పినోడు లేడు. 2002లో అమెరికాలో మధుమేహం రాబోయే దశలో ఉన్నవాళ్ల మీద చేసిన పెద్ద పరిశోధనలో, తిండీ నడకా మార్చుకున్నవాళ్లు సగటున తగ్గింది 5.6 కేజీలే. దానికే మధుమేహం వచ్చేవాళ్ల సంఖ్య 58 శాతం తగ్గింది. ఆమె తగ్గింది ఏడు కేజీలు. ఇంకా దగ్గరికి రండి. మనం ఇట్ట బస్సెక్కితే అట్ట దిగే చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం నడిపిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2006లో వచ్చినాయి. నడకా తిండీ మార్చుకున్నవాళ్లలో మధుమేహం ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు? చెప్పుకోదగినంత తగ్గనే లేదు! మిషన్ ముల్లు కదలకపోయినా రోగం వెనక్కి పోయింది. ఈ ముక్క ఏ క్లబ్బు గోడ మీదైనా రాసి పెట్టినారా? అట్ల రాస్తే రోజూ మిషనెక్కించి చప్పట్లు కొట్టించేది ఎందుకో చెప్పాల్సి వస్తుంది.

పట్టుదల గురించే అయితే టీవీలో పందెం కట్టి తగ్గినవాళ్ల కంటే ఎవరికుంటుంది? అమెరికాలో 'ద బిగ్గెస్ట్ లూజర్' అని ఒక పోటీ నడిచింది. గంటల తరబడి కసరత్తు, కెమెరాలు, బహుమతి డబ్బు. ఆ పోటీలో తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత కెవిన్ హాల్ బృందమే మళ్లీ పరీక్షించింది. పోగొట్టుకున్న బరువులో చాలా భాగం తిరిగొచ్చింది. వాళ్ల ఒళ్లు కదలకుండా కూర్చున్నప్పుడు చేసే ఖర్చు, ఆ బరువుకు ఉండాల్సిన దానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ. ఆరేళ్లయినా ఒళ్లు ఆ కరువును మరవలేదు. పులి బొమ్మ పంపి దాన్ని మరిపిస్తారా?

ఇప్పుడు సూదులు కూడా వచ్చినాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి దిగినాయి. సూది వేసుకుంటే ఆగడమే ఉండదని కొత్త ప్రచారం. ఉంటుంది. వెగోవీ మందు మీద 2021లో అచ్చయిన పరిశోధనలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా తగ్గినారు, చివరి వారాల్లో ఆ గీత కూడా చదునైంది. ఆపేసిన ఏడాదికి, తగ్గిన దాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. అది మందు, దాని అవసరం ఉన్నోళ్లు డాక్టరును అడిగి వేసుకుంటారు, నాకు పేచీ లేదు. కానీ ఒంటి పద్ధతి మందుకే లొంగలేదంటే, డబ్బాలోని వెనీలా పొడికి లొంగుతుందా?

నేను మా వీధి కోచ్‌ను ఒకటే అడిగినాను. మీ గోడ మీద ఎప్పుడూ రెండే ఫొటోలు, ముందు ఒకటి, తర్వాత ఒకటి. నాకు మూడోది కావాల. అదే మనిషి, అదే చొక్కా, రెండేళ్ల తర్వాత. ఆ బరువు నిలబెట్టుకున్నోళ్లు ఎందరో, వెనక్కి పోయినోళ్లు ఎందరో, వెనక్కి పోయినోళ్లకు మీరేం చెప్పినారో, అంతా కింద రాయండి. ఆయన నా వైపు జాలిగా చూసి, "నెగెటివ్‌గా మాట్లాడకన్నా, మిగతా మెంబర్లు డల్ అయిపోతారు" అన్నాడు. నేను ఇల్లు చేరేలోపల గ్రూపులోంచి నన్ను తీసేసినారు. తీసేసినందుకు బాధ లేదు. రెండో డబ్బాకు నేనింకా సీలు కూడా తీయలేదు, దాని డబ్బులు ఎప్పుడు వాపసిస్తారో ఆ ఒక్క మాట చెప్పి తీసేసి ఉండాల్సింది.