అనవసరపు పద్దు

ఇంట్లో అప్పులున్నాయని నలుగురిలో చెప్పుకోవచ్చు. చెదలున్నాయని మాత్రం చెప్పుకోలేం. అప్పులవాణ్ణి చూసి జనం అయ్యో పాపం అంటారు. చెదలవాణ్ణి చూస్తే కింద పెట్టిన చేతిసంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంటారు. ఎన్నిసార్లు అడిగినా తిరిగివ్వని మా కత్తిపీటని పక్కింటావిడ, కబురు తెలిసిన సాయంత్రమే తెచ్చి గేటు బయట పెట్టి, పిలవకుండా వెళ్ళిపోయింది.

పైగా నేను చేసిన ఉద్యోగం ఆడిట్. పంచాయతీల పుస్తకాలూ మునిసిపాలిటీల పుస్తకాలూ తిరగేసి, ఏ రూపాయి ఎక్కడ ఎవరు తిన్నారో పట్టుకుని, ఎర్రసిరాతో అభ్యంతరం రాసి రిటైరైనవాణ్ణి. తినేవాడు ఎంత జాగ్రత్తగా తిన్నా కాగితం మీద జాడ వదలక తప్పదని నా సిద్ధాంతం. కాగితాన్నే తినేసేవాడి సంగతి ఆ సిద్ధాంతంలో లేదు.

జాడలు లేకపోలేదు. హాల్లో పుస్తకాల బీరువా పక్కన, స్కర్టింగ్ దగ్గర మొదలై పైకి, పెన్సిలు మందాన ఒక మట్టి చార కనిపించింది. చూసింది మా ఆవిడ. "ఏవండీ, ఇదేమిటో ఒకసారి చూడండి" అంది. చూశాను. సున్నం వేసినప్పుడు కారిన మరక అన్నాను. మరకైతే పైనుంచి కిందికి కారాలి గానీ కిందినుంచి పైకి ఎలా పాకిందని అడిగింది. ఇలాంటి ప్రశ్నలకి మా ఆఫీసులో "పరిశీలనలో ఉన్నది" అని రాసేవాళ్ళం. ఇంట్లోనూ అదే చెప్పాను. ఆవిడ చీపురుకట్ట తిరగేసి దాన్ని గీకేసింది. రెండ్రోజులు తిరక్కుండా చార మళ్ళీ వచ్చింది, ఈసారి గీకిన చోటు తప్పించి కాస్త వంపు తిరిగి.

ఆ చార నిజానికి ఒక గొట్టం. మట్టీ ఉమ్మీ పెంటా కలిపి కట్టిన సొరంగం. చెదపురుగు ఒళ్ళు మెత్తన, చర్మం పల్చన. బయటి గాలి తగిలితే ఎండిపోతుంది, చీమల కంటబడితే బతకదు. గూట్లో పనిచేసే కూలీ పురుగులకి కళ్ళే ఉండవు. అందుకని నేలలోని గూటి నుంచి మేత దాకా పైకప్పున్న దారి కట్టుకుని, లోపల తేమ నిలుపుకుంటూ రాకపోకలు సాగిస్తాయి. ఆ దారిని ఒకచోట పగలగొట్టి ఒకట్రెండు రోజులు ఆగితే సంగతి తేలుతుంది. పూడ్చుకున్నాయంటే లోపల జనం ఉన్నట్టే. పూడ్చకపోతే మాత్రం పోయాయని ధీమాగా చెప్పలేం, దారి మార్చుకుని ఉండొచ్చు. మా ఆవిడ చీపురుతో ఆ పరీక్ష చేసింది, ఫలితం కూడా వచ్చింది. ఫలితం చదవాల్సిన అధికారే సోఫాలో పేపరు చదువుతున్నాడు.

రెండో సాక్ష్యం తొలకరికి వచ్చింది. వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్ళు లేచాయి. ఇంట్లో లైట్లన్నీ ఆపేసి, ఒక్క బల్బు వెలిగించి, దాని కింద నీళ్ళ బేసిను పెట్టి వాటిని అందులో పడెయ్యడం మా వంశంలో అందరికీ వచ్చిన విద్య. బేసిను నిండుతుంటే నాకు ఉత్సాహంగా ఉంది. మా అమ్మ తన చిన్నప్పుడు వీటిని ఏరి, వేయించుకుని తినేవాళ్ళ కబుర్లు చెబుతూ చెబుతూ ఆగిపోయింది. "ఒరేయ్, ఇవి కిటికీలోంచి రావట్లేదురా. గోడ మొదట్నుంచి లేస్తున్నాయి."

ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదలే. దీపం చూసి వీధిలోంచి వచ్చాయంటే తలుపేసుకుంటే సరిపోతుంది. గచ్చు పగులులోంచి లేచాయంటే గూడు మన కాళ్ళ కిందే ఉన్నట్టు, అదీ నిన్నా మొన్నా పెట్టిన గూడు కానట్టు. గూడు కొన్నేళ్ళు ముదిరితే గానీ రెక్కలవి పుట్టవు. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. ఆ సాయంత్రం నేను అమ్మతో అన్నమాట, "నీకు శుక్లాలు వచ్చాయే, రేపు కళ్ళ డాక్టరుకి చూపిద్దాం" అని.

బీరువా తలుపు తెరవడం కూడా చదువు మీద ప్రేమతో జరిగింది కాదు. పెన్షన్ ఆర్డరు కాపీ కావాల్సొచ్చింది. పై అరలో గ్రంథాలు బంగారు అక్షరాల అట్టలతో నిటారుగా నిలబడి ఉన్నాయి. అడ్డొచ్చిందని ఒకదాన్ని పక్కకి లాగాను. అట్ట చేతిలోకొచ్చింది. లోపల పుస్తకం లేదు, పుస్తకం ఆకారంలో మట్టి ఉంది. చెదలు వెలుతురు తగిలే పైపొరని ముట్టుకోకుండా లోపలంతా తినేస్తాయి. అందుకే బయటినుంచి చూస్తే గ్రంథాలయం, తెరిస్తే పుట్ట.

అలవాటు కొద్దీ కాగితం పెన్నూ తీసుకుని, పోయినవీ మిగిలినవీ జాబితా రాశాను. రాయకుండా ఉండాల్సింది. రిటైర్మెంటు నాడు దండతోపాటు ఇచ్చిన గ్రంథాల సెట్టు: పూర్తిగా. మా ఊరి కవులు "సహృదయులకు" అని సంతకం చేసి ఇచ్చిన సంపుటాలు: పూర్తిగా. ఇంగ్లీషు బాగుచేసుకుందామని కొన్న నిఘంటువు: సగం పైగా. మిగిలినవి పంచాంగం, మా ఆవిడ పచ్చళ్ళ పుస్తకం, నా డిటెక్టివ్ నవలలు. కదిలించని చోటే చెదలకి నిశ్చింత మరి. సర్వీసు మొత్తంలో నేను ఎవరి మీదా అంత నిష్పక్షపాతమైన నివేదిక రాయలేదు. మా ఆవిడ దాన్ని ఆసాంతం చదివి, ఏమీ అనకుండా మడిచి పచ్చళ్ళ పుస్తకంలో దాచుకుంది.

చెదలు చీమల చుట్టాలని నేననుకునేవాణ్ణి. అవి బొద్దింకల వంశం. మన ప్రాంతపు ఇళ్ళలో ఎక్కువగా కనిపించే ఒడాంటోటెర్మిస్ రకం మరీ చిత్రమైంది. నమిలిన కర్రనీ కాగితాన్నీ గూట్లో తట్టలు తట్టలుగా పేర్చి, దాని మీద ఒకరకం బూజు పండించుకుని దాన్ని తింటుంది. వానాకాలంలో పుట్టల దగ్గర మొలిచే పుట్టగొడుగులు ఆ సాగులోంచి పైకి వచ్చినవే. ఆ ఏడు మా పెరట్లో పుట్టగొడుగులు విరగకాశాయి. కూర బావుందని నేను మారు వడ్డించుకున్నాను కూడా. కవిత్వం నాకు ఒంటబట్టింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత సలహాల పర్వం. కిరసనాయిలు రాయమన్నారొకరు. వేపాకు పరచమన్నారు, ఇంగువ నీళ్ళు చల్లమన్నారు, కలరా ఉండలు పెట్టమన్నారు. అన్నీ చేశాను. ఇల్లు కొంతకాలం ఆయుర్వేద దుకాణం వాసనా పెట్రోలు బంకు వాసనా కలిసి కొట్టింది. ఆపైన బజార్నుంచి స్ప్రే డబ్బా తెచ్చి కనిపించిన ప్రతి చారనీ తడిపేశాను. కనిపించినవన్నీ చచ్చాయి. ఇక్కడే నా లెక్క తప్పింది. పైకి వచ్చేవి మేతకి వచ్చే కూలీలు, గూట్లో ఉన్న జనంలో కొద్ది వంతు. గుడ్లు పెట్టే రాణి కింద చల్లగా ఉంది. ఘాటు తగిలిన దారి వదిలేసి మిగతావి వేరే దారి పట్టాయి. హాల్లో శత్రువు లేడని నేను కాఫీ తాగుతూ ప్రకటించిన వారంలోనే, ఇంటికొచ్చిన మా తోడల్లుడు వంటింటి గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆయన బొటనవేలు ద్వారబంధంలోకి దిగిపోయింది.

ఆ ద్వారబంధం టేకు. టేకుకి చెద పట్టదు కదా అని మీరంటారు, నేనూ అన్నాను. పట్టనిది చెట్టు నడిమి చేవకి. చుట్టూ ఉండే తెల్లటి చేవలేని కర్రని చెదలు టేకని చూసి వదిలిపెట్టవు. అడితీలో చేవ ధర విని, పక్కన ఉన్న చవక దూలాన్ని బేరమాడి, మీద ముదురు రంగు పెయింటు కొట్టించినవాణ్ణి నేనే. తోడల్లుడు వేలు తుడుచుకుంటూ "మీ ఇంట్లో కలప చాలా మెత్తనండీ" అన్నాడు. ఆయన మా అమ్మాయి పెళ్ళప్పుడు ఇలా అనలేదని సంతోషించాను.

ఇంత దాకా చెప్పాక అసలుది దాచడం దేనికి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి ఇచ్చిన ఎస్టిమేటులో పునాదికి చెదల మందు కొట్టడం అని ఒక పద్దు ఉంది. దానికి ఎదురుగా నేను ఎర్రసిరాతో "అనవసరపు పద్దు, తొలగించవలెను" అని రాశాను. మా ఇంజనీరు మిత్రుడు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. దీనికి ఐఎస్ 6313 అని భారతీయ ప్రమాణం ఉంది, మూడు భాగాలుంది, రెండో భాగం కట్టబోయే ఇళ్ళకి, మూడో భాగం కట్టేసిన ఇళ్ళకి అని చెప్పాడు. గచ్చు వెయ్యకముందు నేల మీద చదరపు మీటరుకి 5 లీటర్ల చొప్పున మందునీళ్ళు పోస్తే, నేలకీ ఇంటికీ మధ్య అవి దాటలేని పొర ఏర్పడుతుందన్నాడు. "భూమికి మందు తాగించడానికి నా ప్రావిడెంట్ ఫండ్ కావాలా?" అని నేను నవ్వించాను. అందరూ నవ్వారు. ఆ విధంగా రెండో భాగం కొట్టేసి మూడో భాగంలోకి వచ్చి పడ్డాను.

మూడో భాగాన్ని అమలు చెయ్యడానికి వచ్చిన కుర్రాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. చేతిలో డ్రిల్లింగ్ మిషను, నడుముకి టార్చిలైటు. స్క్రూడ్రైవరు పిడితో తలుపులూ గుమ్మాలూ వరసగా కొట్టుకుంటూ పోయాడు. గట్టి కర్ర ఖణేల్మంది, తిన్న కర్ర డొల్ల చప్పుడు చేసింది. మా ఇంట్లో సంగీతం ఎక్కువగా రెండో రకం. గోడకీ గచ్చుకీ మధ్య మూలన అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, ఒక్కోదాంట్లో లీటరుకి మించకుండా మందు పట్టించి, తెల్ల సిమెంటుతో మూసెయ్యాలని చెప్పాడు. మందు ఇమిడాక్లోప్రిడ్. లీటరు నీళ్ళకి 2.1 మిల్లీలీటర్లు.

"అంత కొంచెమేనా?" అన్నాను. జీవితంలో మొదటిసారి ఖర్చు తక్కువైందని నాకు అనుమానమొచ్చింది.

"ఆయ్, చాలండి. దీనికి వాసనుండదండి. అయ్యి గుర్తుపట్టలేవండి. ఇందులోంచి నడిచెళ్ళి, ఒకదాన్నొకటి నాక్కుని, నోటికి నోరు అందించుకునేటప్పుడు అన్నిటికీ అంటుకుంటదండి. రాణి జోలికి మనం వెళ్ళక్కర్లేదండి, ఆళ్ళే మోసుకెళ్తారండి."

పెరట్లో బావి ఉందని మా ఆవిడ చెబితే ఆ వైపు గోడకి మందు వెయ్యనన్నాడు, నీళ్ళలోకి దిగితే ప్రమాదమని. వంటింట్లో సామానంతా బయట పెట్టించాడు. మనవణ్ణి ఆ పూటకి పక్క వీధిలోకి పంపించమన్నాడు. నేను ముక్కుకి తువ్వాలు కట్టుకుని, చేతిలో స్కేలు పట్టుకుని, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం కొలుస్తూ అతని వెనకే తిరిగాను. బిల్లులో రాసిన రంధ్రాలకీ నా లెక్కకీ తేడా వచ్చిందని పట్టుకున్నాను. "మంచం కింద చూశారాండి?" అన్నాడు. మంచం కింద దూరి చూశాను. లెక్క సరిపోయింది. బయటికి రావడానికి మాత్రం అతనే చెయ్యిచ్చి లాగాల్సొచ్చింది.

పేచీ పెరట్లో వచ్చింది. గోడ పక్కనున్న పుట్టని కూడా తవ్వి మందు పోస్తే మంచిదని కుర్రాడు అనీ అనకముందే మా అమ్మ కర్ర పుచ్చుకుని అడ్డంగా నిలబడింది. ఏటా నాగులచవితికి పాలు పోసే పుట్ట అది. "దాన్ని కట్టింది చెదలేనే అమ్మా" అన్నాను. "కట్టినవాడు ఎవడైతే ఏంరా, ఉన్నది ఆయన" అంది. ఇల్లు కట్టింది మేస్త్రి అయినా ఉంటున్నది మనం కదా అని కూడా అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. కుర్రాడు చెప్పులు విడిచి పుట్టకి దణ్ణం పెట్టి, "మామ్మగారండీ, దీని గూడూ ఇంట్లో గూడూ ఒకటేనని రూలేం లేదండి, దీన్నిలా వదిలేద్దామండి" అన్నాడు. ఇంత లౌక్యం నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉండి ఉంటే ఇంకో రెండు ప్రమోషన్లు వచ్చేవి.

పుట్టని వదిలేసి అతను పెరడంతా ఒకసారి చూశాడు. ఇంటి గోడకి ఆనించి ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సెంట్రింగు చెక్కలు పేర్చి ఉన్నాయి. ఎప్పటికైనా పనికొస్తాయని నేనే దాచాను. అడుగు చెక్కలు మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి. పైనుంచి ఏసీ నీళ్ళు చుక్కచుక్కగా వాటి మీదే పడుతున్నాయి. పక్కనే కారే కుళాయి, రిపేరుకి ప్లంబరు ఎక్కువ అడిగాడని నేను గుడ్డ చుట్టినది. "భోజనం, మంచినీళ్ళు, పడక. అన్నీ మీరే ఏర్పాటు చేశారండి" అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో తెలియలేదు. చెక్కలు తీయించి, కుళాయి బాగుచేయించి, ఏసీ గొట్టం కాలవలోకి మళ్ళించడానికి అయిన ఖర్చు నేను కొట్టేసిన పద్దులో చిన్న ముక్క కూడా కాదు. కొత్త ద్వారబంధం సంగతి వేరు, దాని ధర ఇక్కడ రాస్తే మా ఆవిడ దీన్ని కూడా మడిచి దాచుకుంటుంది.

కొత్త బీరువా ఇనపది కొందామన్నాను. "మైలవరం మర్చిపోయారా?" అందావిడ. 2021లో అక్కడ ఒక చిరువ్యాపారి ఇల్లు కట్టుకుందామని ఇనప పెట్టెలో దాచుకున్న దాదాపు 5 లక్షల రూపాయల నోట్లు చెదల పాలయ్యాయి. చెదలు ఇనుము తినవు, కానీ సందు దొరికితే ఇనప పెట్టెలోకి దూరడానికి వాటికి అభ్యంతరం లేదు. బీరువా ఏదైనా గోడకి జానెడు ఎడంగా పెట్టి, నెలకోసారి వెనక టార్చి వేసి చూడాలని తీర్మానించాం. ఆవిడ చూస్తుంది. నేను రిజిస్టర్లో సంతకం పెడతాను.

వెళ్తూ కుర్రాడు ఐదేళ్ళ గ్యారంటీ కార్డు ఇచ్చాడు. మళ్ళీ చెద కనిపిస్తే కార్డు చూపిస్తే ఉచితంగా మందు కొడతారట, కార్డు లేకపోతే లేదు. కార్డేమో కాగితం. దాన్ని ఏ అరలో పెట్టాలన్న దాని మీద ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. ఆఖరికి ప్లాస్టిక్ కవరులో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, మూత గట్టిగా బిగించాం. కందిపప్పు డబ్బా అని నేనంటాను, మినప్పప్పు డబ్బా అని ఆవిడ అంటుంది. రెండింట్లోనూ లేదు.